ఆరు బంతుల్లో ఒకటి

తొట్టి అడుగునున్న బిరడా లాగి నీళ్ళు వదిలేసింది అక్క. నిన్న సాయంత్రపు సబ్బు నురగ అంచుల వెంట ఎండి తెల్లటి చారలు కట్టింది. నీళ్ళు గుడగుడమంటూ దిగిపోయాక, జాలీ పక్కన ఓ మూలకి నక్కి, ఒక్క బంతి మిగిలింది.

గోల్ఫ్ మైదానానికి వెనక, గడ్డి కోసే బండ్ల కొట్టాన్ని ఆనుకుని ఉన్న ఆ రేకుల గదిలో రోజూ నాలుగైదు వందల బంతులు ఆమె చేతుల మీదుగా పోతాయి. చెరువులో వలేసి తీసినవి, పొదల్లో దొరికినవి, ప్రాక్టీసుకి వాడి పారేసినవి. వాటి బురద కడిగి, పాత యజమానుల పెన్ను గుర్తులు చెరిపేసి, రకాలవారీగా ఏరి గంపల్లో పోయడం ఆమె పని. పద్నాలుగేళ్ళుగా అదే పని చేస్తూంటే సొంత పేరు అరిగిపోయింది. మేనేజరు నించి కాపలావాడి దాకా అందరికీ ఆమె బంతులక్క.

తొట్టి కడిగేటప్పుడు అడుగున ఒకటీ అరా మిగలడం వింతేం కాదు. అయినా ఆమె దాన్ని గంపలో పడెయ్యలేదు. కొంగుకి తుడిచి వెలుతురులో పెట్టి చూసింది. తమ్ముడు ఆడే రకమే. అదే ముద్ర, దాని కింద అదే అంకె.

గదిలో గచ్చు మీద ఒకచోట నాపరాయి పలక ఉంది. బంతిని నడుమెత్తు నుంచి దాని మీదకి వదిలింది. టక్కుమని, గాజుగోలీ పడ్డట్టు మోగి, మోకాలి దాకా లేచింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ టక్.

కొత్త బంతి! చెరువు నీళ్ళు తాగిన బంతి ఇలా మోగదు.

ఇది తమ్ముడి బంతే. మరి నిన్న సాయంత్రం ఆమె చేత్తో వాడి సంచీలో పెట్టింది ఏది?

ఆమె తలెత్తి చూసింది. గోడ గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది. తమ్ముడు మొదటి హోల్ దగ్గర ఆట మొదలుపెట్టి గంటా పది నిమిషాలు దాటింది.

*

తమ్ముడికి ముప్పయ్యొక్కేళ్ళు. పదేళ్ళుగా అదే క్లబ్బులో క్యాడీ. ఊళ్ళోవాళ్ళ గోల్ఫ్ కర్రల సంచులు మోసి, ఏ దెబ్బకి ఏ కర్ర తియ్యాలో చెప్పడం వాడి ఉద్యోగం. జెండా ఎంత దూరంలో ఉందో కళ్ళు చికిలించి చూసి చెప్తే, తరవాత యంత్రం పెట్టి కొలిచినా ఒక్క గజం తేడా రాదు. అందుకే వాణ్ణి అందరూ 'గజం' అంటారు. సొంతంగా ఆడితే సంచీ ఇచ్చిన దొరల కన్నా బాగా ఆడతాడు. ఆడగలిగితే చాలదు, పోటీల్లో నిలబడాలంటే ప్రొఫెషనల్ కార్డు కావాలి. ఏడాదికోసారి రెండు రోజుల పరీక్ష. మొదటి ఎనిమిది మందికే కార్డు. రెండు సార్లు తప్పాడు. ఇది మూడోసారి. నిన్న మొదటి రోజు ఆట ముగిసేసరికి ఆరో స్థానంలో ఉన్నాడు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర అక్క మొగుడు ఒక మాటన్నాడు. "రేపు కార్డొస్తే మావాడు నాతో మాట్లాడతాడా అని నా బెంగ." "ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడుతున్నాను బావా, నువ్వు చెప్పేది వింటున్నాను" అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే సింకు వైపు తిరిగింది. అప్పటికే ఆమె తప్పు చేసేసి ఉంది.

ఆట నించి వచ్చాక వాడి ఆరు బంతులూ గడ్డి పసరు పట్టి ఉన్నాయి. "తడిగుడ్డతో తుడుచుకుంటాలే అక్కా, వాటి జోలికి పోకు" అన్నాడు. వాడు ముఖం కడుక్కోడానికి పోగానే అవి పట్టుకుని రేకుల గదికి వచ్చింది. ఊళ్ళోవాళ్ళ బంతులన్నీ అద్దంలా తోమే మనిషి, తోడబుట్టినవాడి బంతులు మురిగ్గా పోతూంటే ఎలా ఊరుకుంటుంది? చిన్న జాలీబుట్టలో వేసి, మూత పెట్టి, పెద్ద తొట్టిలో ముంచింది. ఆ తొట్టిలో అప్పటికే చెరువు బంతులు నానుతున్నాయి. తీసేసరికి బుట్ట మూత ఊడి ఉంది. లోపల ఐదే ఉన్నాయి.

నురగలో చెయ్యి పెట్టి దేవింది. అదే ముద్ర, అదే అంకె ఉన్నది ఒకటి దొరికింది. అదే అయ్యుంటుందిలే అనుకుంది. రాయి మీద వేసి చూడాల్సింది. బంతులు ఆరబెట్టే గాలి యంత్రం హోరులో చప్పుడు వినపడదనీ, మేనేజరు తలుపు దగ్గర నించుని తొందర చేస్తున్నాడనీ వేసి చూడలేదు. అసలు కారణం అది కాదని ఆమెకి తెలుసు. అది కాదని తేలితే ఏం చెయ్యాలో తోచక వేసి చూడలేదు.

ఇంకో సంగతి. తన బంతి తనకి తెలిసేలా తమ్ముడు ప్రతిదాని మీదా నీలం చుక్కలు రెండు పెట్టుకుంటాడు. ఆ తొట్టిలో పోసే మందు పెన్ను గుర్తులు పోగొట్టడానికే. చుక్కలన్నీ పోయాయి. ఆమె వాడి పెన్ను తీసి, ఆరింటి మీదా రెండేసి చుక్కలు, వాడు పెట్టినట్టే, పెట్టింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆమె అసలు బురదే లేనిచోట కాలు కడగబోయింది.

*

"ఏమే, అలా నించున్నావేంటి, తొట్టిలో పాముందా?"

గుమ్మంలో మొగుడు. తెల్లవారుజామునే గ్రీన్ల మీద, అంటే జెండా గుంటల చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద, గడ్డి కోసి వచ్చాడు. చేతిలో బండి బ్లేడు, దాని నిండా పచ్చి గడ్డి.

ఆమె చెప్పింది.

అతను బ్లేడు నేల మీద పెట్టాడు. "చెరువు బంతైతే ఏమైంది? అదీ బంతేగా."

"మామూలు చెరువు బంతైతే పది గజాలు ఇవతలే పడుతుంది, అంతే. నిన్న నానేసిన వాటిలో పూత బంతులున్నాయండీ."

ఎక్కడో ఎవరో పాత బంతుల పైపొర గీకి, తెల్ల రంగు పూసి, పెద్ద కంపెనీ ముద్ర మళ్ళీ అచ్చేసి కొత్తవిగా అమ్ముతారు. లోపలి సరుకు ఏదో దేవుడికే తెలియాలి. అవే పూత బంతులు. చూపుకి దొరకవు. ఆమె చెవికి దొరుకుతాయి. రాయి మీద పడితే ఠప్పుమని, తడి చెప్పు పడ్డట్టు మోగుతాయి.

"వాడు చెప్పాడుగా మొన్న. ఈ పరీక్షలో జాబితాలో ఉన్న బంతులే ఆడాలి. పూత బంతితో ఒక్క దెబ్బ కొట్టినా మనిషినే తీసేస్తారు."

"ఎవరు చూస్తారే? ఆ ముద్ర చూస్తారు, ముద్ర ఉంది. నీకు చెవి ఉంది కాబట్టి తెలిసింది. లోకానికి నీ చెవి లేదు."

"వాడు మూడేసి హోల్స్‌కి ఒక బంతి మారుస్తాడు. ఆరు బంతులు, పద్ధెనిమిది హోల్స్. అన్నీ ఆడేస్తాడు. వాడకపోవడం అనేది లేదు. ఎప్పుడనేదే."

అతను తల గోక్కున్నాడు. అతని తెలివి నిదానంగా కదులుతుంది గానీ కదిలితే ఆగదు. "అయితే ఇంకా వాడలేదేమో! రెండో బంతి మీద ఉంటాడిప్పుడు. ఆరింట్లో నాలుగు ఇంకా సంచీలోనే ఉన్నాయి. వెళ్ళి ఈ మంచిది పెట్టి ఆ చెడ్డది తీసెయ్. వాడికి చెప్పకు. చెప్పావంటే వాడు బంతిని నమ్మడు, చేతిని నమ్మడు, ఇంక ఆడినట్టే."

"ఇప్పటికే వాడేసి ఉంటే?"

"ఉంటే," అని అతను బ్లేడు తీసుకున్నాడు. "ఉంటే నోరు మూసుకుని ఇంటికి రా. నువ్వూ నేనూ తప్ప ఎవరికీ తెలీదు. నేను చెప్పను. నీ సంగతే నాకు భయం."

*

టీల దగ్గర, అంటే ప్రతి హోల్‌కీ మొదటి దెబ్బ కొట్టే చోట్ల, బంతులు కడుక్కునే స్తంభాల్లో సబ్బునీళ్ళు నింపడం కూడా ఆమె పనే. ఆ డబ్బా పట్టుకుంటే మైదానంలో ఎవరూ ఆపరు. డబ్బా నిండా నీళ్ళు నింపి, మంచి బంతిని ఏప్రన్ జేబులో వేసుకుని బయల్దేరింది. నడుస్తూంటే ఆ బంతి తొడకి తగిలి తగిలి, ఎవరో పిలుస్తున్నట్టే ఉంది.

రోజూ తిరిగే దారే. ఇవాళ ఆ పచ్చదనం చూస్తే భయమేసింది. ఎక్కడా చీపురుపుల్ల కూడా లేనంత శుభ్రంగా, అద్దాల అల్మారాలా ఉంది. తాడు కట్టిన చోటల్లా మనుషులు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. తెల్ల టోపీ పెట్టుకున్న రిఫరీ ఒకాయన చిన్న బండిలో ఎదురొచ్చి, ఆమె వైపు చూసి తల ఊపాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చెయ్యి జేబు మీదకి పోయింది. ఆయన డబ్బా చూసి తల ఊపాడంతే.

ఏడో హోల్ టీ దగ్గరికి చేరేసరికి తమ్ముడు అప్పుడే కొట్టేసి ముందుకి నడుస్తున్నాడు. అంటే మూడో బంతి బయటికి వచ్చేసింది. సంచీ తన భుజానే ఉంది. పదేళ్ళు ఊరి సంచులు మోసినవాడికి తన సంచీ ఇంకొకరి చేత మోయించబుద్ధి కాలేదు. కూడా ఇద్దరు ఆటగాళ్ళు. ఆట మధ్యలో తాడు దాటి వెళ్ళి పిలవడానికి ధైర్యం చాల్లేదు. చెట్ల వెంట, స్తంభం స్తంభానికీ ఆగుతూ వెంబడించింది.

ఎనిమిదో హోల్ చెరువు మీదుగా కొట్టాల్సినది. టీ నించి గ్రీన్ దాకా మధ్యలో అంతా నీళ్ళే. ఆమె గంపల్లోకి వచ్చే బంతుల్లో సగం ఈ చెరువు మింగినవే. తమ్ముడు ఒక కర్ర తీశాడు. జెండా వంక చూశాడు. ఆ కర్ర మళ్ళీ సంచీలో పెట్టి ఇంకో కర్ర తీశాడు.

పదేళ్ళలో వాడు ఒకసారి తీసిన కర్ర మళ్ళీ లోపల పెట్టడం ఆమె చూడలేదు. దూరం విషయంలో వాడికి అనుమానం అంటూ ఉండదు.

కొట్టాడు. బంతి చెరువు దాటింది, గ్రీన్ కూడా దాటింది, వెనక పొదల్లో పడింది. తాడు దగ్గర ఎవరో "అయ్యో, ఎక్కువైంది" అన్నారు. తమ్ముడు కదల్లేదు. గ్లవ్ లేని కుడి అరచెయ్యి ముఖానికి ఎదురుగా పెట్టుకుని, వేళ్ళు చాచి చూసుకున్నాడు.

ఆ చూపు ఆమెకి తెలుసు. నాన్న మంగలి కత్తి పట్టిన చేతిని అలాగే చూసుకునేవాడు. ముప్పయ్యయిదో ఏట ఆయన చెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ కప్పు, తరవాత కత్తి. ఏడాదిలో దుకాణం మూసేశాడు. ఆ వణుకు రక్తంలో వస్తుందని ఎవరో డాక్టరు అన్న రోజు నించీ అక్కా తమ్ముళ్ళిద్దరూ దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకుండానే ఇద్దరూ ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకుంటూ ఉంటారు.

వాడెందుకు చెయ్యి చూసుకుంటున్నాడు? బంతి తిన్నగానే పోయిందే. కర్రేగా తప్పింది?

ఆమెకి ఏమీ అర్థం కాలేదు. అర్థం కాని భయం అర్థమైన భయం కన్నా ఎక్కువ బరువుగా ఉంది. డబ్బాలో నీళ్ళు తొణికి చెప్పులు తడిసిపోయాయి.

*

తొమ్మిదో హోల్ అయ్యాక చిన్న రేకుల పాక ఉంది. అక్కడ ఆటగాళ్ళు పది నిమిషాలు ఆగి నీళ్ళు తాగొచ్చు. అక్క ముందే చేరి, పాక వెనక రాతి మెట్ల మీద కూచుంది. డబ్బా మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంది.

"అక్కా?" తమ్ముడు ఆమెని చూసి ఆగిపోయాడు. "ఇక్కడున్నావేంటి? ఇంట్లో అంతా బానే ఉందా? బావకేమన్నా..."

"మీ బావకేం, దుక్కలా ఉన్నాడు. నీ సంచీ ఇటివ్వు."

"ఎందుకూ?"

"ఇవ్వమన్నానా."

మొగుడు చెప్పకు అన్నాడు. చెప్పకుండా సంచీలో చెయ్యి ఎలా పెట్టాలో దారంతా ఆలోచించింది. తీరా తమ్ముడి ముఖం చూశాక, పెదాలు తెల్లగా పాలిపోయి ఉంటే, అబద్ధం ఆడటానికి కూడా శక్తి మిగల్లేదు. తొట్టీ, మూత ఊడిన బుట్టా, నీలం చుక్కలూ, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

వాడు తిట్టలేదు. రెండు క్షణాలు ఆమెని చూసి, "చుక్కలు కూడా నువ్వే పెట్టావా?" అన్నాడు.

"ఊఁ."

"నాకు తెలీలేదే! అచ్చం నాలాగే పెట్టావు."

"ఒరేయ్, తరవాత తిడుదువుగానీ. ముందు బంతులు తీయరా."

మూడు బంతులు ఇంకా వాడనివి. మూడు వాడినవి. వాడిన వాటి మీద ఎన్నో హోల్ నించి వాడాడో పెన్నుతో అంకె వేసుకోవడం తమ్ముడి పద్ధతి. ఒకటి, నాలుగు, ఏడు.

మెట్టు మీద కూచుని మొదట వాడనివి వేసింది. దేవుడా, వీటిలోనే ఉండాలి, వీటిలోనే ఉండాలి అనుకుంటూ వేసింది. టక్. రెండోది, టక్. మూడోది చేతిలోంచి జారడానికి వేళ్ళు విడవలేదు. ఎడం చేత్తో కుడి చేతి వేళ్ళు విప్పాల్సి వచ్చింది.

టక్.

"ఏమైంది? నాకన్నీ ఒకలాగే వినిపిస్తున్నాయి" అన్నాడు తమ్ముడు.

ఆమె 'ఒకటి' అని అంకె వేసినది తీసుకుంది. టక్. 'ఏడు' తీసుకుంది. అది టక్కుమనేసరికే, ఇంక మిగిలింది ఏదో, అదేం పలుకుతుందో ఆమెకి తెలిసిపోయింది. అయినా వేసింది.

ఠప్.

బంతి మెట్టు మీద చీలమండ ఎత్తుకి లేచి, సోమరిగా పక్కకి దొర్లింది. ఆమె దాని మీద అరచెయ్యి పెట్టి ఆపింది. చేతి కింద నీలం అంకె కనపడటం లేదు.

ఆ రెండు మూడు క్షణాల్లో ఆమె మనసు ఎన్ని ఇళ్ళు తిరిగి వచ్చిందో. జేబులో మంచి బంతి ఉంది. సంచీలో పెన్ను ఉంది. నిన్న రెండు చుక్కలు పెట్టిన చెయ్యి ఇవాళ 'నాలుగు' అని వేయలేదా? అన్నీ బానే ఉన్నాయిరా, నా చెవే పొరపాటు పడింది అంటే వాడు నమ్ముతాడు. తొమ్మిది హోల్స్ ఉన్నాయి. ఆరో స్థానం. పదేళ్ళు. వాడికి ముప్పయ్యొక్కేళ్ళు, ఇంకెన్నిసార్లు ఆడతాడు?

"అక్కా."

ఆమె తలెత్తింది.

"చెప్పు. ఏదైనా సరే చెప్పు. నేను నాలుగో హోల్ నించీ ఊపిరి బిగబట్టి ఆడుతున్నాను."

"నాలుగో హోల్ నించా?"

"నాలుగోదాంట్లోనే ఏదో తేడా అనిపించింది. ఐదోదాంట్లో నూట నలభై రెండు గజాలు. గాలి లేదు. ఎప్పుడూ కొట్టేటట్టే కొట్టాను. నూట ముప్పైకి కూడా పోలేదు, ఇసకలో పడింది." వాడి గొంతు తగ్గిపోయింది. "ఆరోదాంట్లో మళ్ళీ అంతే. నేను లెక్క తప్పలేదక్కా. కాబట్టి చెయ్యే తప్పింది అనుకున్నా. నాన్న చెయ్యే నాకూ వచ్చేసిందనుకున్నా. ఏడు, ఎనిమిది, తొమ్మిది చెయ్యి వంకే చూస్తూ ఆడాను. ఎనిమిదో దాంట్లో భయమేసి, ఇంకా దూరం కొట్టే పెద్ద కర్ర తీశా. చూశావా, ఎక్కడ పడిందో?"

ఆమె చేతిని బంతి మీద నించి తీసింది. నీలంగా 'నాలుగు' కనపడింది.

"ఇదేరా," అంది. "ఇది పూత బంతి. నీ చెయ్యి కాదు. బంతి."

తమ్ముడు మెల్లగా వంగి దాన్ని తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. గోటితో గీకాడు. ముద్ర పక్కన సన్నటి తెల్ల పొర గోటికి అంటుకుని లేచింది. దాని కింద ఇంకేదో ఎరుపు ముద్ర మొదలు కనిపించింది.

వాడు కూలబడ్డట్టు ఆమె పక్కన మెట్టు మీద కూచున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. పాక అవతల కూడా ఆడే ఇద్దరిలో ఒకతను, "గజం, నీళ్ళు కావాలా?" అని కేకేశాడు. తమ్ముడు వద్దని చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడం అక్క చూసింది. రాయిలా నిలకడగా ఉంది.

"ఎవరికీ తెలీదు," అంది ఆమె, ఎటో చూస్తూ. ఆ మాట మొగుడిది. తన నోట్లోంచి వస్తూంటే వేరే ఎవరిదో చీర కట్టుకున్నట్టు ఇబ్బందిగా ఉంది. "నేను చెప్పను. మీ బావ చెప్పడు. మంచిది నా దగ్గరుంది."

"తెలుసు."

"ఆడతావా?"

వాడు నవ్వలేదుగానీ నవ్వినట్టే ఊపిరి వదిలాడు. "ఎలా ఆడనక్కా? ఇది పడేసి ఆడానంటే కార్డొచ్చినా ప్రతి పోటీలో మొదటి టీ దగ్గర ఇదే గుర్తొస్తుంది. నాన్న చెయ్యి భయం పోయి ఇంకో భయం పట్టుకుంటుంది. దీనికి డాక్టరు కూడా లేడు."

లేచి, ఆ బంతిని పిడికిట్లో పట్టుకుని, తెల్ల టోపీ రిఫరీ బండి దగ్గరికి నడిచాడు.

*

రిఫరీ పెద్దాయన. కళ్ళజోడు ముక్కు కొసకి జారి ఉంది. తమ్ముడు చెప్పింది విని, బంతి తీసుకుని చూసి, "ఎన్నో హోల్ నించి ఎన్నో హోల్ దాకా?" అని అడిగాడు.

"నాలుగు నించి ఆరు."

"నీకెలా తెలిసింది?"

తమ్ముడు నోరు తెరిచేలోగా అక్క ముందుకొచ్చింది. జీవితంలో మేనేజరుకి కూడా ఎదురుగా నించుని నాలుగు మాటలు చెప్పని మనిషి. ఏప్రన్ అంచు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు ఆయన బూట్ల మీద పెట్టి, "నా వల్ల జరిగిందండీ" అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. చెప్తున్నంతసేపూ ఉద్యోగం పోతుందనే అనుకుంది. క్లబ్బు తొట్టిలో సొంత బంతులు కడిగినందుకు, చుక్కలు పెట్టినందుకు, ఆట మధ్యలో వచ్చినందుకు. ఆయన వింటూ మధ్యలో ఒక్కసారే ఆపాడు.

"చప్పుడుతో కనిపెడతావా?"

"ఆఁ అండీ."

"నాకు వినిపించు."

ఆమె మెట్టు మీద రెండూ వేసి వినిపించింది. ఆయన తల పక్కకి వంచి విన్నాడు. "నాకు తేడా తెలియలేదమ్మా," అన్నాడు నిజాయితీగా. "కానీ ఈ పెచ్చు కింద ముద్ర తెలుస్తోంది." చేతిలో ఫోను తీసి పెద్ద రిఫరీతో మాట్లాడాడు. ఆ మాటలు ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషంలో అక్క మైదానం మీద ఎగిరే పిట్టల్ని లెక్కపెట్టింది. ఏడు దాకా వచ్చి లెక్క తప్పింది.

"జాబితాలో లేని బంతి," అన్నాడాయన. గొంతులో కోపమూ లేదు, జాలీ లేదు. "ఈ పరీక్షలో నీ ఆట ఇక్కడితో అయిపోయింది. స్కోరు కార్డు ఇచ్చెయ్. ఇక్కడ సంతకం పెట్టు."

తమ్ముడు సంతకం పెట్టాడు. కూడా ఆడే ఇద్దరూ వచ్చి వాడి భుజం మీద ఒకరి తరవాత ఒకరు చెయ్యేసి, ఏమనాలో తెలియక గబగబా పదో టీ వైపు వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక తాడు దగ్గరి మనుషులు కూడా కదిలారు. ఆట ఎవరి కోసమూ ఆగలేదు.

వెనక్కి వచ్చే దారి పొడుగునా అక్క రెండడుగులు వెనకే నడిచింది. వాడు ఏదో ఒకటి అంటే బాగుండును. అరిస్తే ఇంకా బాగుండును. పొద్దుటి నించి ఉన్న భయాలన్నీ పోయి ఈ ఒక్కటే మిగిలింది: వాడు ఇంక తనతో ఎప్పుడూ మామూలుగా మాట్లాడడేమో. చివరికి తనే ఉండబట్టలేక, "నా మీద కోపం లేదురా?" అంది.

"ఉంది."

"ఎంత?"

"చాలా ఉంది. ఇంటికెళ్ళాక కోప్పడతాను, బావ ఎదురుగా, బాగా పెద్దగా. నాలుగు రోజులు నీ వంట కూడా తినను." వాడు ఆగి సంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఇప్పుడు కాదు. ఇప్పుడు నాకు జబ్బు లేదని తెలిసింది. కాసేపు ఆ సంతోషంలో ఉండనీ."

అప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది. నడుస్తూనే ఏడ్చింది, చప్పుడు కాకుండా.

"వచ్చే ఏడు మళ్ళీ వెళ్తావా?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"వెళ్తాను. ఇంకా పన్నెండు నెలలు." వాడు ముందుకే చూస్తూ నడుస్తున్నాడు. "పరీక్షకి ముందు రోజు నువ్వు మీ అత్తగారింటికి వెళ్ళిపోవాలి. రెండు రోజులుండి రావాలి."

"మా అత్తగారు రెండు రోజులు నన్ను భరించద్దూ?"

"ఆవిడ సంగతి బావ చూసుకుంటాడు. నువ్వు మాత్రం ఊళ్ళో ఉండకూడదు."

"సరే," అంది అక్క. "వెళ్తాను."